సీజైన రంపం మిషను: సిలిండరు మార్చాలా, కడిగి వాడాలా?

తుపాను వెలిసిన మర్నాడు ఉద్దానం పల్లెల్లో ముందుగా వినిపించేది పెట్రోలు రంపం మిషను చప్పుడే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడి, పనస తోటలను పడగొట్టినప్పుడు దాని విలువ అందరికీ తెలిసివచ్చింది. గొడ్డలికి పూట పట్టే మాను మిషనుకు నిమిషాల పని.

అటువంటి మిషను సరిగ్గా అవసరానికే మొరాయిస్తే? నెలల తరబడి మూలన వున్న దానిని తీసి, తాడు లాగి, నాలుగు మానులు కోశారో లేదో, చప్పుడు కీచుమని పెరిగి ఠక్కున ఆగిపోతుంది. మళ్లీ లాగితే తాడు కదలదు. కదిలినా పట్టు లేకుండా తేలిగ్గా వచ్చేస్తుంది. సీజైందంటాడు మెకానిక్కు. సిలిండరు మార్చాలని ఒకరు, కడిగితే చాలునని ఒకరు, కొత్త మిషను కొనుక్కోమని మరొకరు. ఆ మిషను మీద బతికే కోత మేస్త్రికి, అతని వెంట వచ్చే కూలీలకు ఈ తేల్పు మీదే ఆ నెల తిండి ఆధారపడి వుంటుంది.

స్కూటరు వైద్యం చెల్లదు

పాత స్కూటర్ల సిలిండరు ఇనుముది. సీజైతే లేతు షాపులో బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టను వేస్తే బండి మళ్లీ తిరిగేది. రంపం మిషను సంగతి వేరు. బరువు తగ్గాలని దీని సిలిండరును అల్యూమినియంతో పోసి, లోపలి గోడకు నికెల్‌తోనో క్రోమియంతోనో గట్టి పూత వేస్తారు. ఆ పూత ఇంచుమించు వెంట్రుక మందం. బోరు చేస్తే ముందుగా పోయేది అదే. పైగా చాలా మిషన్లకు పెద్ద సైజు పిస్టన్లు దొరకవు. నిమిషానికి 10 వేల చుట్లు దాటి తిరిగే ఇంజనులో పూత లేని గోడ ఎక్కువ కాలం నిలవదు.

కనుక తేల్చుకోవలసినది ఒక్కటే: పూత మిగిలి వుందా, పోయిందా?

సైలెన్సరు విప్పి చూడాలి

ఇంజను మొత్తం విప్పకుండానే సగం సంగతి తెలుస్తుంది. ప్లగ్గు తీసి, సైలెన్సరు బోల్టులు విప్పి, తాడు మెల్లగా లాగుతూ టార్చి లైటు వేసి చూస్తే పిస్టను పక్కభాగం కనిపిస్తుంది. నునుపుగా వుంటే రోగం వేరే చోట వున్నట్టు. నిలువు గీతలుంటే సీజైనట్టే. గీతలు ఎక్కువగా సైలెన్సరు వైపే వుంటే ఇంజను మితిమీరి వేడెక్కినట్టు. చుట్టూ వుంటే పెట్రోలులో ఆయిల్ కలవలేదని అనుమానించాలి. కార్బొరేటర్ వైపు ఇసుకతో రుద్దినట్టు మసకబారి వుంటే ఫిల్టరు దాటి దుమ్ము లోపలికి పోయింది.

గోరే కొలబద్ద

సిలిండరు విప్పిన తర్వాత గోడ మీద గోరు పెట్టి చూడాలి. గీతలా కనిపించేదల్లా గీత కాదు. చాలాసార్లు మెత్తటి పిస్టను అల్యూమినియం కరిగి, గట్టి గోడకు అంటుకొని వుంటుంది. గోరుకు అది మిట్టలా తగులుతుంది. ఆ మడ్డి తీసేస్తే కింద పూత భద్రంగా వుండవచ్చు. అప్పుడు కొత్త పిస్టను, రింగులు వేస్తే సరిపోతుంది. గోరు లోతుగా దిగినా, పూత పొరలుగా లేచినా, పొగ వెళ్లే రంధ్రం అంచు విరిగినా ఆ సిలిండరు మీద ఖర్చు దండగ.

మడ్డి తీయడానికి మెత్తటి ఎమెరీ కాగితంతో ఓపికగా రుద్దడం మేలైన పద్ధతి. కొందరు మెకానిక్కులు బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను వాడతారు. అది అల్యూమినియంను తినేస్తుంది. కాని క్రోమియం పూతను కూడా తినేస్తుంది, పూత పోయిన చోట సిలిండరునే తినేస్తుంది. వాడక తప్పనప్పుడు పోయకూడదు. పుల్లకు దూది చుట్టి మడ్డి మీద మాత్రమే అద్ది, వెంటనే నీళ్లతో కడగాలి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు వుండాలి. పని ఆరుబయటే చేయాలి.

అసలు రోగం మిగిలిపోతే

కొత్త కిట్టు వేసిన వారానికే మిషను మళ్లీ సీజైతే తప్పు కిట్టుది కాకపోవచ్చు. మొదట ఎందుకు చెడిందో చూడకుండా బిగించడమే కారణం. క్రాంకు ఆయిల్ సీళ్లు ఎండిపోయినా, కార్బొరేటర్ రబ్బరు పగిలినా లోపలికి గాలి ఎక్కువ పోతుంది. పెట్రోలు, దానితో పాటు ఆయిల్ తగ్గుతాయి. కొబ్బరి పీచు, రంపపు పొట్టు సిలిండరు రెక్కల మధ్య ఇరుక్కుంటే వేడి బయటికి పోదు. చైను మొద్దుబారి పొట్టుకు బదులు పిండి రాలుతున్నా నొక్కి కోస్తే ఇంజను మీద భారం పడుతుంది.

అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు పెట్రోలుది. ఆయిల్‌ను కంటి అంచనాతో పోయకూడదు. 50కి 1 పాలు అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 పాలు అంటే 40. మిషనుతో వచ్చిన పుస్తకం ఏది చెబితే అదే కొలిచి పోయాలి. బంకు పెట్రోలులో ఇప్పుడు ఇథనాలు కలిసి వుంటుంది. నిల్వ వుంచితే అది తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆయిల్ పైనే వుండిపోతుంది. ట్యాంకులోని గొట్టం పీల్చేది ఆ అడుగు నుంచే.

లెక్క వేసుకోవాలి

బాగుచేత ఖర్చంటే కిట్టు ధర ఒక్కటే కాదు. సీళ్లు, గ్యాస్కెట్లు, బేరింగులు, కూలి కలపాలి. కనెక్టింగు రాడ్డును పైకీ కిందికీ కదిపితే ఆడుతూ వుంటే క్రాంకు కూడా పోయినట్టే. మొత్తం కొత్త మిషను ధరలో సగం దాటితే, మిగతా మిషను కూడా అరిగి వుంటే, కొత్తదే మేలు. మిషను గట్టిదై, విడిభాగాలు దగ్గరి పట్టణంలో దొరుకుతూ, పూత నిలిచి వుంటే బాగు చేయించడమే లాభం. చవక కిట్టు కొంటే రంధ్రాల అంచులు నున్నగా వున్నాయో లేదో చూసుకోవాలి. పదును అంచుకు రింగు తగిలి విరిగితే మొదటికే మోసం.

బిగించే ముందు క్రాంకు గదిలో పడిన లోహపు రజనును పూర్తిగా కడగాలి. తర్వాత ఒకటి రెండు ట్యాంకుల పెట్రోలు అయ్యేదాకా మానులో దించకుండా పూర్తి వేగంతో తిప్పకూడదు.

అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు కాలేదాకా ఇంజను నడిపి దాచాలి. మళ్లీ తీసేటప్పుడు అప్పటికప్పుడు కలిపిన పెట్రోలు పోస్తే, చెట్టు దారికి అడ్డంగా పడిన రోజున తాడు ఊరికే లాగవలసిన అవస్థ తప్పుతుంది.