విడువని బ్రేకు

హరూరు నుండి సేలం వెళ్ళే దారిలో మంజవాడి కనుమ ఉంది. అటువంటి దారిలో బ్రేకు పట్టడం ఎంత ముఖ్యమో, పట్టిన తరువాత విడవడమూ అంతే ముఖ్యం.

చక్రంతోపాటు తిరిగే డిస్కును కాలిపర్‌లోని పిస్టన్ ప్యాడ్లతో నొక్కుతుంది. పెడల్ వదలగానే రబ్బరు సీలు పిస్టన్‌ను వెనక్కు లాగుతుంది. తుప్పు పట్టినా, దుమ్ము చేరినా పిస్టన్ గాని, కాలిపర్ జరిగే పిన్నులు గాని బిగుసుకుపోతాయి. అప్పుడు కారు ఒక ప్రక్కకు లాగుతుంది. ఆ చక్రం మిగిలినవాటికంటె వేడెక్కుతుంది. ఆ వేడికి బ్రేకు ద్రవం మరిగిందా, పెడల్ తొక్కినా బ్రేకు పట్టదు.

మెకానిక్కు ఆ చక్రాన్ని జాకీతో లేపి త్రిప్పి చూస్తాడు. తిరగకపోతే బ్లీడర్ మరను కొద్దిగా వదులు చేస్తాడు. చక్రం తిరిగితే లోపం గొట్టంలోనో, మాస్టర్ సిలిండర్‌లోనో ఉన్నట్లు. తిరగకపోతే కాలిపర్ బిగిసినట్లు. పిన్నులను శుభ్రపరచి బ్రేకు గ్రీజు రాయాలి. తుప్పు పట్టిన పిస్టన్‌ను, పాడైన సీలును మార్చాలి. ఈ పని కనుమ దిగకముందే జరగాలి.