చౌరస్తాలో సైకిలు బాట



ఆర్మూరు పసుపునకు పేరుపొందిన ఊరు. హైదరాబాదునుండి నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదునుండి జగిత్యాలవైపు సాగు 63వ జాతీయ రహదారియు ఇచ్చటనే కలియుచున్నవి. పసుపు కొమ్ములు ఎండి బస్తాలకెక్కు దినములలో లారీలును ట్రాక్టరులును ఈ త్రోవలను క్రమ్ముకొనును. వాని నడుమనే పిల్లలు సైకిళ్లపై బడికి పోవలయును. వారు చౌరస్తాను క్షేమముగా దాటుట యెట్లు?

తిన్నని బాటపై లారీయు సైకిలును ప్రక్కప్రక్కన సాగిపోవును. చౌరస్తాకడ లారీ ఎడమకు తిరుగును. బాలుడు నేరుగా పోవును. లారీ వెనుక చక్రములు ముందు చక్రముల జాడను నడువక, మూలకు మరింత చేరువగా ఒరసికొని పోవును. ఎత్తున కూర్చున్న డ్రైవరునకు తన ఎడమప్రక్కను ఆనుకొనియున్న సైకిలు కానరాదు. పెక్కుమార్లు తప్పు ఇరువురిదియు కాదు. మూలను మలచిన తీరుదే.

కావున రంగుతో గీత గీసి సైకిలు బాట యనినంత చాలదు. ఆ గీత చౌరస్తాకు ముందే ముగిసినచో బాలుని నట్టేట విడిచినట్లే యగును.

ఉపాయములు మూడు గలవు. మొదటిది, మూలలో చిన్న అరుగు కట్టుట. దానిని చుట్టి తిరుగుటకై బండి వేగము తగ్గింపక తప్పదు. పెద్ద లారీల వెనుక చక్రములు ఎక్కి దిగుటకు అరుగు అంచును వాలుగా కట్టవచ్చును. కావున సరకు రాకపోకలకు అడ్డులేదు. రెండవది, సైకిళ్లు దాటుచోటును ఒక కారు పొడవు, అనగా సుమారు 5 మీటర్లు, మూలనుండి లోనికి జరుపుట. అప్పటికి లారీ తిరిగియుండును గనుక సైకిలు డ్రైవరు కన్నులయెదుటనే నిలుచును. మూడవది, సైకిళ్లు ఆగు గీతను లారీల గీతకంటె ముందుంచి, పచ్చదీపమును వారికి కొన్ని క్షణములు ముందుగా వెలిగించుట.

నెదర్లాండ్సు దేశమున 1971లో రోడ్డు ప్రమాదములందు మూడువేలమందికి పైగా మరణించిరి. వారిలో నాలుగువందలకు పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీథులకు వచ్చి ఆందోళన చేసిరి. అట్టి మూలలు నేడచ్చట సామాన్యములు.

మన హైదరాబాదులోను 2023 అక్టోబరు 1న వలయ రహదారి వెంబడి 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమయ్యెను. అది మంచిదే. కాని బడిపిల్లలకు ముఖ్యము పొడుగాటి బాట కాదు, ఊరినడిమి కూడలి.

బడి విడుచువేళ చౌరస్తాలో ఒక గడియ నిలిచి చూడుడు. ఏ మూలలో పిల్లలు వెనుకాడుచున్నారో గుర్తింపుడు. రోడ్డు మరల వేయక పూర్వమే మునిసిపాలిటీవారికిని రహదారుల ఇంజనీర్లకును ఆ మూలను చూపుడు. పెద్దల మాటకు విలువ గలదు. అది ప్రమాదమునకు ముందే వినబడవలయును.