గాలి ఉష్ణోగ్రత కొలత – సముద్ర పవనాల ప్రభావం

నేలకు కొంత ఎత్తున, ఎండ తగలకుండా, గాలి ధారాళంగా ఆడేచోట ఉంచిన ఉష్ణమాపకం చూపే విలువను ఆ ప్రదేశపు గాలి ఉష్ణోగ్రత అంటారు. వార్తలలో చెప్పే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఇవే. ఎండలో పెట్టిన ఉష్ణమాపకం సూర్యకిరణాలను గ్రహించి తాను ఎంత వేడెక్కిందో చెబుతుంది గాని గాలి వేడిని చెప్పదు. వరండా గోడకు తగిలించినది చాలావరకు గోడ వేడినే చూపుతుంది. పాఠశాలలలో తరచుగా కనిపించే పొరపాటు ఇది.

కొలిచే పద్ధతి

ఈ దోషాలు లేకుండా ఉష్ణమాపకాలను స్టీవెన్‌సన్ తెర అనే చెక్కపెట్టెలో ఉంచుతారు. దీనిని రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్ (1818–1887) స్కాట్లండులో దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు, రచయిత ఆర్.ఎల్. స్టీవెన్‌సన్‌కు తండ్రి. పెట్టెకు తెల్లరంగు వేస్తారు. దాని గోడలు ఏటవాలు చెక్కపట్టీలతో ఉండడం వలన గాలి లోపలికి వస్తుంది, ఎండ రాదు. మన దేశంలో తలుపు ఉత్తరం వైపు ఉంటుంది.

గరిష్ఠ ఉష్ణమాపకపు నాళంలో ఒక సన్నని నొక్కు ఉంటుంది. వేడికి వ్యాకోచించి దానిని దాటిన పాదరసం గాలి చల్లబడినా వెనుకకు రాదు. అందుచేత కొద్దిసేపు మాత్రమే ఉన్న అత్యధిక ఉష్ణోగ్రత కూడా నమోదవుతుంది.

సముద్ర పవనాలు

పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేలపై వేడిగాలి పైకి లేవగా ఆ చోటికి సముద్రం మీది చల్లనిగాలి వస్తుంది. ఇదే సముద్ర పవనం. మే నెలలో బంగాళాఖాతపు ఉపరితల జలం సుమారు 30 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కనుక, ఈ గాలి చేరగానే తీరంలో ఉష్ణోగ్రత పెరగడం ఆగి, తరచుగా కొన్ని డిగ్రీలు పడిపోతుంది. కాబట్టి తీరపట్టణంలో ఆనాటి గరిష్ఠ ఉష్ణోగ్రత చాలావరకు ఈ గాలి ఎన్ని గంటలకు వచ్చిందన్న దానిపై ఆధారపడుతుంది. పడమటి నుంచి పొడిగాలులు బలంగా వీచే రోజులలో అది ఆలస్యమవుతుంది, ఒక్కొక్కప్పుడు రానే రాదు. కోస్తాలో వడగాడ్పులు తీవ్రమయ్యేది అటువంటి రోజులలోనే.

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా వాల్తేరులో ఒకటి, లోపలగా విమానాశ్రయంలో ఒకటి, రెండు పరిశీలన కేంద్రాలున్నాయి. వేసవిలో విమానాశ్రయపు గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. రెండు కొలతలూ సరైనవే. "విశాఖలో ఎంత?" అని అడిగేటప్పుడు ఏ కేంద్రమో కూడా అడగాలి.

సముద్ర పవనం వేడిని తగ్గించినా తేమను తెస్తుంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, శరీరం చల్లబడదు. అంకె తగ్గినంత మాత్రాన ప్రమాదం తప్పినట్లు కాదు. భారత వాతావరణ శాఖ వడగాడ్పులను నిర్ణయించడానికి మైదానాలలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలని చూస్తుంది. తీరప్రాంత కేంద్రాలలో 37 డిగ్రీలు చేరి, అది సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే చాలు.