గౌషర్ వ్యాధిలో గడ్డలు ఎందుకు ఏర్పడతాయి?

శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోనూ లైసోజోములనే సూక్ష్మమైన సంచులు ఉంటాయి. 1955లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ వెలుగులోకి తెచ్చిన ఈ సంచుల్లోని ఎంజైములు, అంటే రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్లు, పాతబడిన పదార్థాలను విడగొట్టి కణం తిరిగి వాడుకునేలా చేస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జీబీఏ1 జన్యువు సంక్రమించిన బిడ్డలో గ్లూకోసెరెబ్రోసిడేజ్ అనే ఎంజైము సరిగా పనిచేయదు. అదే గౌషర్ వ్యాధి.

అప్పుడు ఆ ఎంజైము విడగొట్టవలసిన కొవ్వు ముఖ్యంగా మాక్రోఫేజ్‌లలో పేరుకుపోతుంది, ఎందుకంటే ఆయువు తీరిన రక్తకణాలను మింగి జీర్ణం చేసే బాధ్యత ఈ కణాలదే, ఆ రక్తకణాల పొరల నుంచే ఆ కొవ్వు ఎక్కువగా వస్తుంది. ఇలా ఉబ్బిన కణాలు ప్లీహం, కాలేయం, ఎముక మూలుగలలో నిండుతాయి; అరుదుగా ఒకేచోట గుమిగూడి గౌషెరోమా అనే గడ్డగా మారతాయి. ఎముకలో పుట్టిన గడ్డ దాని గట్టి పైపొరను ఛేదించుకొని చుట్టూ ఉన్న కండరాలు, కొవ్వు వంటి మృదు కణజాలంలోకి పాకవచ్చు.

ఇది క్యాన్సర్ కాకపోయినా, చూడడానికి అలాగే ఉంటుంది. 1882లో ఈ వ్యాధిని మొదట వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ గౌషర్ సైతం దాన్ని ప్లీహపు కణితిగానే భావించాడు. అయితే ఈ రోగుల్లో మైలోమా అనే రక్త క్యాన్సర్ ముప్పు నిజంగానే ఎక్కువ కనుక, కొత్త గడ్డను గౌషెరోమాగా ముందే నిర్ణయించడం ప్రమాదకరం. స్కానింగుతో తేలనప్పుడు చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించవలసిందే. 1991లో అందుబాటులోకి వచ్చిన ఎంజైము చికిత్స ప్లీహం, కాలేయాల వాపును బాగా తగ్గిస్తుంది గాని, అది సాగుతుండగానే గౌషెరోమాలు పెరిగిన రోగులూ ఉన్నారు.