గోడ మీద రాసిందొకటి... లోపల జరిగేదొకటి!

సంక్రాంతికి మా అక్క కూతురు వచ్చింది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అప్పటికి నాలుగు నెలలైంది. నేను గారెలు వేస్తుంటే పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఫోన్లో వాళ్ళ ఆఫీసు ఫోటోలు చూపించింది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఇంత పొడుగు గోడ, దాని మీద ఇత్తడి అక్షరాలు. మా మిషన్, మా విజన్, మా విలువలు... నిజాయితీ, పరస్పర గౌరవం, ఉద్యోగికీ కుటుంబానికీ సమయం!

"ఎంత బాగా రాశారే!" అన్నాను.

"రాయడం బాగానే రాశారు పిన్నీ. సాయంత్రం ఆరింటికి బ్యాగు సర్దుకుంటే మాత్రం 'ఏంటి, ఇవాళ హాఫ్ డేనా?' అంటారు" అంది నవ్వుతూ. ఆ తరువాత నవ్వు తగ్గించి అసలు సంగతి చెప్పింది. సాఫ్ట్‌వేర్ అప్పగించే ముందు చెయ్యాల్సిన పరీక్షలు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయట. గడువు దగ్గర పడింది కాబట్టి, అన్నీ చేసేసినట్టు రిపోర్టు రాసి పంపమన్నారట పైవాళ్ళు. పక్క సీటు అమ్మాయి "ఇక్కడందరూ అంతే, రాసెయ్" అందట. "నన్నేం చెయ్యమంటావు పిన్నీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ వాయి గారెలు మాత్రం నల్లగా మాడిపోయాయి.

పండగ వెళ్ళాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ బోర్డుల సంగతేమిటో చూద్దామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. పేర్లు గంభీరంగా ఉంటాయి గానీ విషయం తేలికే. మీరు నలుగురితో కలిసి పచ్చళ్ళ వ్యాపారం పెట్టారనుకోండి. ఎందుకు పెట్టారో చెప్పేది మిషన్. పదేళ్ళకి ఎక్కడికి చేరాలనుకుంటున్నారో అది విజన్. నూనె ధర పెరిగినా కల్తీ నూనె పొయ్యం అనుకుంటారే, అది విలువ. ఈ మూడూ కాగితం మీద రాసుకోవచ్చు. నాలుగోది ఒకటుంది, సంస్థ సంస్కృతి. అదే రాతకు దొరకదు.

అమెరికాలో ఎడ్గార్ షైన్ అనే ప్రొఫెసర్ దీన్ని మూడు పొరలుగా వివరించారు. మొదటిది కంటికి కనిపించేది, రెండోది నోటితో చెప్పుకునేది, మూడోది ఎవరూ చెప్పకుండానే అందరూ పాటించేది. ఇది చదవగానే నాకు కంపెనీలు కాదు, మన ఇళ్ళు గుర్తొచ్చాయి. ఆడవాళ్ళు అందరూ తిన్నాక ఆఖర్న తినాలని ఏ ఇంట్లోనైనా బోర్డు ఉందా? లేదు. అడిగితే "మా ఇంట్లో అలాంటి పట్టింపులేం లేవండీ" అనే చెబుతారు. అయినా కొత్త కోడలు వారం తిరక్కుండానే ఆ సంగతి గ్రహించేస్తుంది. ఎవరు తింటున్నారు, ఎవరు వడ్డిస్తున్నారు, ముందు కూర్చుంటే ఎవరి మొహం మాడింది... ఇవన్నీ చూసి నేర్చుకుంటుంది. ఆఫీసులో చేరిన కొత్త ఉద్యోగీ కొత్త కోడలే సుమండీ! ఇత్తడి అక్షరాలు ఒక్కసారి చదువుతుంది. ఆ తరువాత ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరికి చీవాట్లు పడ్డాయి అన్నదే రోజూ చదువుతుంది.

మన హైదరాబాద్‌లోనే చూడండి. కంపెనీ పేరే సత్యం! చక్కటి పాలనకు గాను 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. నాలుగు నెలలు తిరిగాయో లేదో, 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. ఇచ్చిన అవార్డును వెనక్కి తీసుకున్నారు. అందులో పనిచేసిన వేలమంది పిల్లలు ఒళ్ళు దాచుకోకుండా కష్టపడ్డవాళ్ళే. పైన నలుగురు పాటించే పద్ధతి వేరైతే, కింద ఎంతమంది మంచివాళ్ళున్నా ఏం లాభం?

అంతకు ముందు అమెరికాలో, హ్యూస్టన్‌లో, ఎన్రాన్ కంపెనీ సంగతీ అంతే. గౌరవం, నిజాయితీ, మాటామంతీ, శ్రేష్ఠత అని నాలుగు విలువలు ప్రకటించుకుంది. లోపల మాత్రం ఏటా సిబ్బందికి ర్యాంకులు వేసి, అట్టడుగున ఉన్నవాళ్ళను ఇంటికి పంపే పద్ధతి. అలాంటి చోట తప్పు కనిపించినా నోరు విప్పేదెవరు? విప్పిన మనిషి ఒకావిడ. షెరన్ వాట్కిన్స్ అని, అక్కడ వైస్ ప్రెసిడెంటు. లెక్కల గారడీ బయటపడితే కంపెనీ కూలిపోతుందని 2001 ఆగస్టులో ఛైర్మన్‌కు రాసింది. "మాటామంతీ" అని గోడెక్కించుకున్న కంపెనీ ఏం చేసిందో తెలుసా? ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేస్తే చట్టం ఏమంటుందని లాయర్ల దగ్గర ఆరా తీసింది! ఆ డిసెంబరులోనే దివాలా తీసింది. మరుసటి ఏడాది టైమ్ పత్రిక ఆ సంవత్సరపు ప్రముఖులుగా ముగ్గురిని ఎంచుకుంటే, ఆ ముగ్గురూ తమ సంస్థల్లోని తప్పును బయటపెట్టిన ఆడవాళ్ళే. వారిలో ఈవిడ ఒకరు.

అయితే బోర్డులన్నీ అబద్ధాలేనా అంటే, అలా కొట్టిపారెయ్యడానికీ లేదు. మన చంటిపిల్లల పౌడర్ డబ్బాతో అందరికీ తెలిసిన జాన్సన్ అండ్ జాన్సన్‌కు 1943లో రాసుకున్న ప్రమాణపత్రం ఉంది. తమ మందులు వాడే రోగులు, డాక్టర్లు, నర్సులు, తల్లులు ముందు, వాటాదార్లు ఆఖర్న అని దాని సారాంశం. 1970లలో కంపెనీ పెద్ద జేమ్స్ బర్క్ అధికారులందర్నీ కూర్చోబెట్టి, దీన్ని పాటించే ఉద్దేశం లేకపోతే గోడ మీంచి పీకేద్దాం, ఏమంటారు అని వాదన పెట్టాడు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలినాల్ మాత్రల్లో సయనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. కంపెనీ దేశమంతటి నుంచీ దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. నష్టం కోట్ల డాలర్లు. ముందే వాదించుకుని ఉన్నారు కాబట్టి ఆరోజు తడుముకోలేదనిపిస్తుంది నాకు. అలాగని ఆ కాగితం ఎప్పటికీ కాపాడుతుందనీ లేదు. అదే కంపెనీ టాల్కమ్ పౌడర్ మీద తరువాత అమెరికాలో వేల కేసులు పడ్డాయి. పౌడర్ సురక్షితమేనని కంపెనీ అంటూనే, 2023లో టాల్క్‌తో చేసిన బేబీ పౌడర్ అమ్మకం ప్రపంచమంతటా ఆపేసింది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది మాత్రం మన అప్పడాల కథ. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి, డాబా మీద అప్పడాలు వత్తడం మొదలెట్టారు. అదే లిజ్జత్. మొదట్లో రెండు రకాలు చేసేవారు, మంచివొకటి, చవకవొకటి. వాళ్ళకు దన్నుగా నిలిచిన ఛగన్‌లాల్ పారేఖ్ ఒకే రకం చెయ్యండి, నాణ్యత తగ్గించకండి అని చెప్పారు. చవకరకం మానేశారు. మొదటి ఏడాది వానలకు అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడాది ఏం చేశారనుకున్నారు? మంచం మీద అప్పడాలు పరిచి, మంచం కింద స్టవ్ పెట్టారు! విరాళాలు మాత్రం పుచ్చుకోలేదు, అది వాళ్ళ నియమం.

మిషన్ అనీ విజన్ అనీ ఇత్తడి అక్షరాలు చెక్కించుకునే స్తోమత లేదు వాళ్ళకి. నియమాన్ని పనిలోనే కలిపేశారు, పిండిలో ఇంగువ కలిపినట్టు. వత్తే ప్రతి మనిషీ యజమానే. లాభమొచ్చినా నష్టమొచ్చినా అందరిదీ. కలిపిన పిండిని శాఖ నుంచి ఇంటికి తీసుకెళ్ళి, వత్తి తెచ్చి అప్పగిస్తే పరీక్షించి తీసుకుంటారు. మందం తేడా వస్తే అక్కడే దొరికిపోతుంది. అధ్యక్షురాలైనా, నిన్న చేరిన మనిషైనా పిలుపు ఒకటే, 'బెహన్'. ఇప్పుడు 40 వేలకు పైగా సభ్యులున్నారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పడాలు వత్తిన చెయ్యి ఎవరిదైనా, నూనెలో వేస్తే ఒకేలా పొంగుతాయి కదా! సంస్కృతి అంటే అదీ.

ఇక ఉద్యోగం చేసే అమ్మాయిలకూ, వాళ్ళ తల్లులకూ ఒక మాట. ఆఫీసులో ఇత్తడి అక్షరాలతో పాటు ఇంకో బోర్డు ఉందేమో వెతకండి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దానికి అధ్యక్షురాలు అక్కడ పనిచేసే సీనియర్ మహిళ కావాలి. కమిటీ వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. "స్త్రీలను గౌరవిస్తాం" అని పెద్దక్షరాల్లో రాసి, ఈ చిన్న కాగితం మాత్రం అంటించని చోటు సంగతేమిటో మీకే తెలుస్తుంది. కాగితం ఉంటే, అందులోని పేర్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నవాళ్ళవో కాదో కూడా చూడండి.

మా అమ్మాయి ఏం చేసిందంటారా? రిపోర్టు చివర రెండు వాక్యాలు చేర్చింది, ఫలానా పరీక్షలు ఇంకా కాలేదు, వారం పడుతుంది అని. మేనేజరు రెండు రోజులు మాట్లాడలేదట. క్లయింటు మాత్రం వారం గడువిచ్చాడు. ఉద్యోగం పోలేదు గానీ ఏడాది చివర పనితీరు కాగితంలో "జట్టుతో కలిసి నడవడం నేర్చుకోవాలి" అని రాశారు.

ఇప్పుడు వేరే చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్తోంది. చివర్లో వాళ్ళు "మీరేమైనా అడుగుతారా?" అంటే ఒకే ప్రశ్న వేస్తోందట, "మీ దగ్గర ఈ మధ్య చెడు వార్త ముందుగా చెప్పిందెవరు? తరువాత వాళ్ళేమయ్యారు?" అని. ఒక చోట నవ్వి, క్యాంటీన్ గురించి చెప్పారట. ఇంకో చోట ఆవిడ కాసేపు ఆలోచించి, సరుకు బాగాలేదని ఆఖరి నిమిషంలో ఆపించిన ఒకమ్మాయి సంగతి చెప్పి, ఇప్పుడా జట్టును ఆమే చూస్తోందందట. అక్కడ జీతం రెండు వేలు తక్కువ. ఆదివారం వాళ్ళ నాన్నతో కూర్చుని తేల్చుకుంటానంది.