గ్రీకుల సముద్రకన్య థెటిస్: ఆమె కులము, ఆమె కుమారుఁడు

గ్రీకుపురాణకథలను దెలుఁగున వ్రాయునపుడు రెండు పేరు లొండొంటితోఁ గలసిపోవుట సులభము. ఒకటి టేథిస్, రెండవది థెటిస్. టకార థకారములు తావు మార్చుకొన్న మాత్రమున నమ్మమ్మ మనుమరాలగును, మనుమరాలు అమ్మమ్మ యగును. వంశక్రమము తలక్రిందైనచోఁ గథాతాత్పర్యమే చెడును. కావున ముందుగా నీమె బంధువర్గమును దెలిపి, పిదప మన గంగాకథతోఁ బోల్చి చూపెదను.

హెసియడ్ కవి దేవవంశకావ్యము ననుసరించి, భూదేవికిని సముద్రుఁడగు పొంటస్సునకును జనించినవాఁడు నేరియస్. అతఁడు వృద్ధుఁడు, సత్యవాది. భూమిని జుట్టి పాఱు మహానదియగు ఓషియనస్సునకును టేథిస్సునకును బుట్టిన కూఁతురు డోరిస్. నేరియస్, డోరిస్ దంపతుల కేఁబదిమంది కూఁతులు. వారిలో నొకతె థెటిస్. అనఁగా టేథిస్ ఆమెకు మాతామహి. భూగర్భశాస్త్రజ్ఞుఁడగు ఎడ్వర్డ్ సూయెస్ 1893లో నొక ప్రాచీనసముద్రమునకుఁ బెట్టిన పేరు ఈ మాతామహిదే. హిమాలయములు నేఁ డున్న తావున నొకప్పు డా సముద్ర ముండెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఈ యక్కచెల్లెండ్రకు నేరియిడ్ అనునది సామాన్యనామము. ఇది నేరియస్ కూఁతురను నర్థమున వచ్చిన తద్ధితరూపము; జహ్నుని కూఁతురు జాహ్నవి యైనట్లే యని యెఱుఁగునది. నింఫ్ అను శబ్దము వేఱు. గ్రీకున దానికిఁ బెండ్లికూఁతురు, యౌవనవతి యని యర్థము. అందు జలసంబంధము లేదు. వనములందును బర్వతములందును వసించు నింఫులును గలరు. మన అప్సరశ్శబ్దమునందో జలవాచియగు అప్ శబ్దము స్పష్టముగ నున్నది. కావున నింఫ్ శబ్దమును సర్వత్ర అప్సరస యని తెలిఁగించుట యుక్తము గాదు. నేరియిడ్ శబ్దమునకు సముద్రకన్య యనుట చాలును.

థెటిస్సును దేవరాజగు జ్యూసును, సముద్రాధిపతియగు పొసైడనును గామించిరి. కాని యామెకుఁ దండ్రిని మించిన కుమారుఁడు పుట్టునని దైవవాక్కు కలుగఁగా నిరువురును వెనుదీసి, యామెను మర్త్యుఁడగు పేలియస్సునకుఁ బెండ్లి చేయించిరి. వారి కొడుకు అకిలీసు. క్రీ.పూ. 3వ శతాబ్దినాఁటి అపొల్లోనియస్ కావ్యమునఁ దల్లి శిశువునందలి మర్త్యాంశమును దహింపఁగోరి రాత్రివేళ నతనిని నిప్పుల నుంచును. పేలియస్ చూచి కేకవేయును. ఆమె శిశువును నేలవైచి, వెనుదిరుగక సముద్రమునఁ జొచ్చును. మడమ తక్కఁ దక్కిన మేనెల్ల స్టిక్స్ నదిలో ముంచెనను కథ హోమరునఁ గానరాదు; క్రీ.శ. 1వ శతాబ్దినాఁటి లాటినుకవి స్టేషియస్ కావ్యమున నున్నది.

నన్నయభట్టారకుని యాదిపర్వమును జదివినవారికి గంగాశంతనుల వృత్తాంత మిచట స్ఫురింపక మానదు. గంగ యేడుగురు కొడుకులను నీటఁ బాఱవైచెను, ఎనిమిదవవానియెడ శంతనుఁడు వారించెను, ఆమె విడిచిపోయెను. రెండుచోట్లను దేవత తల్లి, మర్త్యుఁడు తండ్రి. రెండుచోట్లను బిడ్డకుఁ గీడు చేయుచున్నట్లు తోఁచిన పని నిజమున మేలే. రెండుచోట్లను దండ్రి నోరు విప్పుటయే వియోగహేతువు.

భేదమును గలదు. గంగ శాపగ్రస్తులగు వసువులు వేడఁగా, వారికి మనుష్యజన్మమునుండి విడుదల గలిగింప నట్లు చేసినది. తన్ను వారింపరాదని భర్తతో ముందే సమయము చేసికొన్నది. థెటిస్సును బ్రేరేఁపినది పుత్రప్రేమ యొక్కటియే. గంగ బిడ్డను దనవెంటఁ గొనిపోయి, విద్యలు నేర్పించి తండ్రి కప్పగించెను. థెటిస్ బిడ్డను విడిచెను. కైరన్ అను నశ్వమనుష్యుఁ డతనిఁ బెంచెను. అయినను యుద్ధభూమిఁ గొడు కేడ్చినప్పుడు సముద్రగర్భమున విని పైకి వచ్చినది యా తల్లియే. తుదకు భీష్మునకై గంగయు, అకిలీసునకై థెటిస్సును నీటినుండి వెడలి విలపించిరి. దేవతలయ్యును గర్భశోకమునకు వా రతీతలు గారు.

ఇఁక నామములను జూతము. అకిలీసునకుఁ దండ్రిపేర వచ్చిన పేలియాడీస్ అను తద్ధితమే ప్రసిద్ధము. ఇలియడ్ కావ్యపు మొదటిపాదముననే యది వినఁబడును. దేవవ్రతుఁడో తండ్రిపేర శాంతనవుఁడు, తల్లిపేర గాంగేయుఁడు. గంగాశబ్దము శివాదులందును, శుభ్రాదులందును, తికాదులందును బఠింపఁబడుటచే గాంగుఁడు, గాంగేయుఁడు, గాంగాయని యని మూఁడు రూపములు సిద్ధించును. విడిచిపోయిన తల్లితోడి బంధమును వ్యాకరణము మూఁడు ముళ్లతో నిలిపినది.

మా మద్నూరు సీమను దడుపు మంజీర కందకుర్తికడ గోదావరిఁ గలియును. ఈ ప్రాంతమున జనులు గోదావరిని గంగ యనియే వ్యవహరింతురు. చేపలు పట్టి జీవించు బెస్తవారు తమ్ము గంగపుత్రులని చెప్పుకొందురు. గాంగేయశబ్దమునకును దీనికిని నర్థ మొక్కటియే. గ్రీకుల సముద్రకన్య కావ్యములందు మాత్రము మిగిలినది. మన జలదేవత బంధువర్గము నేఁటికిని వల చేతఁబట్టి యొడ్డున నిలిచియున్నది.