నగరంలో మనకూ వాటా ఉంది

ఇంటర్ అయ్యాక డిగ్రీకో, కోచింగ్‌కో, ఉద్యోగానికో మన హాస్టల్ నుంచి కొందరం హైదరాబాదు వెళ్తూనే ఉంటాం. వెళ్ళాక గది, కాలేజీ, మెస్సు, బస్టాపు, ఈ నాలుగింటి మధ్యే తిరుగుతాం. సెలవు దొరికితే సినిమా, లేకపోతే నిద్ర. చార్మినార్ ముందు ఒక ఫొటో దిగితే నగరం చూసేశామనుకుంటాం. మ్యూజియం, నాటకం, సంగీత కచేరీ అనగానే అవి డబ్బున్నవాళ్ళకీ ఇంగ్లీషు వచ్చినవాళ్ళకీ అని మనకు మనమే ఒక గోడ కట్టుకుంటాం.

ఆ గోడ అవతలికి వెళ్ళడం కష్టమేమీ కాదని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం. వీటిలో చాలావరకు ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలు. మన అమ్మానాన్నలు కొన్న సబ్బు మీద, చెప్పుల మీద కట్టిన పన్ను కూడా ఆ సొమ్ములో ఉంది. కాబట్టి అక్కడికి మనం భయపడుతూ వెళ్ళనక్కరలేదు. వాటాదారుల్లాగా వెళ్ళవచ్చు.

మూసీ ఒడ్డున

మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి మూసీ దాటితే కొద్ది నడకలోనే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించారు. ఆయన కుటుంబం సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మార్చారు.

ఇక్కడ అందరూ ముందు గడియారం దగ్గర గుమిగూడతారు. గంట గంటకూ గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. పన్నెండింటికి వెళ్తే ఎక్కువసేపు చూడవచ్చు. తరువాత రెబెక్కా శిల్పం. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కిన ఆ ముఖం మీద పలచని ముసుగు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ముసుగు కూడా రాయే. ఒకే దుంగలో ముందువైపు పురుషుడినీ వెనకవైపు స్త్రీనీ చెక్కిన కొయ్యబొమ్మనూ చూడకుండా రాకండి.

ముప్పైకి పైగా గదులున్న మ్యూజియం ఇది. అన్నీ ఒక్కరోజులో చూస్తే కాళ్ళు నొప్పి తప్ప ఏమీ మిగలదు. మూడు నాలుగు గదులు చాలు. శుక్రవారం సెలవు. ఐడీ కార్డు వెంట ఉంచుకుని, విద్యార్థులకు రాయితీ ఉందేమో కౌంటరులో అడగండి. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

సైఫాబాదు చుట్టుపక్కల

నాంపల్లి రైల్వేస్టేషన్‌కు దగ్గరలో పబ్లిక్ గార్డెన్స్ ఉంది. అందులోని పురావస్తు మ్యూజియం 1930లో ఏర్పడింది. పిల్లలంతా ఈజిప్టు మమ్మీని చూడటానికి పరుగెడతారు. అది చూశాక బౌద్ధ శిల్పాల దగ్గర కూడా కాసేపు ఆగాలి. మన తెలుగు నేల మీద తవ్వకాల్లో బయటపడ్డ శిల్పాలు అవి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన ఇలాంటి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్ళాయి. సముద్రాల అవతలివాళ్ళు టికెట్టు కొని చూసినవాటిని మన ఊరి పక్కనుండి మనం చూడకపోవడం ఏం బాగుంటుంది?

అక్కడి నుంచి అసెంబ్లీ వైపు నడిస్తే రవీంద్రభారతి. ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైంది. ఇక్కడ జరిగే నృత్యాలు, నాటకాలు, సభలలో చాలావాటికి ప్రవేశం ఉచితం. దినపత్రిక సిటీ పేజీలో వచ్చే ‘నగరంలో నేడు’ వంటి శీర్షిక చూస్తే ఏ రోజు ఏముందో తెలుస్తుంది.

సురభివారి నాటకం పడిందంటే మాత్రం వదలవద్దు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన నాటక సమాజం అది. తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నటిస్తూ, తెరలు కడుతూ, దీపాలు చూసుకుంటూ వస్తున్నాయి. ‘మాయాబజార్’లో లడ్డూలు గాలిలో ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే కంప్యూటరు మాయలు చూసిన కళ్ళకు కూడా ఆశ్చర్యం వేస్తుంది.

స్కాలర్‌షిప్ కోసం వెళ్ళినప్పుడు

మాసబ్‌ట్యాంక్‌లోని దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్ మనలో చాలామందికి తెలుసు. స్కాలర్‌షిప్ పని మీద అక్కడికి వెళ్తుంటాం. ఆ ప్రాంగణంలోనే గిరిజన మ్యూజియం ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. గోండులు, కోయలు, చెంచులు, లంబాడీల బతుకు, దుస్తులు, నగలు, పనిముట్లు అక్కడ చూడవచ్చు. ఫైలు కదలడానికి రెండు గంటలు పడుతుందంటే ఆ సమయాన్ని ఇక్కడ గడపండి.

చేసినవారి పేరేది?

మ్యూజియంలో ఒక అలవాటు చేసుకుందాం. వస్తువు పక్కన ఉన్న చీటీ చదవాలి. అది ఏ రాజుదో, ఏ నవాబుదో, ఏ శతాబ్దానిదో ఉంటుంది. దాన్ని చేసిన మనిషి పేరు చాలాచోట్ల ఉండదు. బిదరీ పాత్ర మీద వెండితీగ పొదిగిందెవరు? కత్తి ఒరకు తోలు కుట్టిందెవరు? ఆ చీర నేసిందెవరు? కొలిమి, మగ్గం, ఆరె, ఉలి తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. ఎంత ఒడుపు కావాలో, ఎన్ని రోజులు పడుతుందో చూడగానే మనకు అర్థమవుతుంది. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు చదువులవాళ్ళ కన్నా మనమే ముందున్నాం.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మన పేటలోని కళను మనమే చిన్నచూపు చూస్తాం. కిన్నెర మొగులయ్యగారికి 2022లో, చిందు యక్షగానం చేసే గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ నృత్యానికి కనకరాజుగారికి 2021లోనే వచ్చింది. మన తాతలు ఆడిన ఆట, వాయించిన వాద్యమే దేశం తలెత్తి చూసిన కళ అయింది.

ఖర్చులేని కచేరీ

బస్సు చార్జీ కూడా లేని రోజున రేడియో ఉంది. నిజాం కాలంలో, 1930లలో మొదలైన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాదు కేంద్రం రవీంద్రభారతికి దగ్గరలోనే ఉంది. వార్తలు, నాటకాలు, జానపదాలు, శాస్త్రీయ సంగీతం, రైతుల కార్యక్రమాలు, అన్నీ అందులో వస్తాయి. సెల్‌ఫోన్‌లో ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్ పెట్టుకుంటే ఏ ఊళ్ళో ఉన్నా వినవచ్చు.

పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు రేడియో వార్తలు రెండు విధాల మేలు. అరుపులు లేకుండా విషయం తెలుస్తుంది, స్పష్టంగా పలకడం అలవడుతుంది. మొదట్లో కర్ణాటక సంగీతం అర్థం కాకపోవచ్చు. పది రోజులు వింటే చెవికి దారి దొరుకుతుంది. పాడటం, వాయించడం వచ్చినవాళ్ళు ఆడిషన్ గురించి కూడా కనుక్కోండి. ఆకాశవాణి కళాకారులను ఆడిషన్ పెట్టి ఎంపిక చేస్తుంది, జానపదానికీ అందులో చోటుంది.

రేడియో వినడమే కాదు, మనమే నడపవచ్చని చూపినవాళ్ళూ ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. అక్కడ మైకు పట్టుకున్నది దళిత మహిళా రైతులు. చిరుధాన్యాల సాగు, విత్తనాలు, ఆరోగ్యం, పండుగ పాటలు, అన్నీ తమ యాసలోనే మాట్లాడారు. పెద్ద చదువులు లేని అక్కలు చేసిన పని ఇది.

ఈ సెలవుల్లో ఒక పని

నగరంలో ఉన్నవాళ్ళం నెలకొక ఆదివారం ముగ్గురు నలుగురం కలిసి ఒక చోటికి వెళ్దాం. చూసినదాన్ని చిన్న నోటుబుక్కులో నాలుగు మాటలు రాసుకుందాం. హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు సాయంత్రం పావుగంట రేడియో వినండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాయనమ్మ పాడే నాట్ల పాటను, తాత వాయించే డప్పు దరువును సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ తప్పక రాయండి. మ్యూజియం చీటీల మీద లేని పేర్లు మన దగ్గరన్నా ఉండాలి.